పాత చిన్న కారులో కొత్త టర్బో ఇంజన్: సమస్య - పరిష్కారం

పాత చిన్న కారులో కొత్త తరం టర్బో ఇంజన్ కూర్చోబెట్టిన తరువాత బండి సరిగ్గా నడవకపోతే, ముందుగా నింద పడేది టర్బో మీద, ఆ తరువాత ఈసీయూ మీద, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ మీద. రెండూ ఖరీదైనవి, రెండూ కొత్తవి, రెండింటి లోపల ఏం జరుగుతుందో కంటికి కనిపించదు కాబట్టి అనుమానం వాటి చుట్టూనే తిరుగుతుంది. ఇలాంటి బళ్లను చాలా ఏళ్లుగా బాగు చేస్తున్నాను. నిజంగా టర్బో పోయిన బండి నా చేతికి రావడం అరుదు, నిజంగా ఈసీయూ చెడిపోయిన బండి అంతకన్నా అరుదు. తప్పు చాలాసార్లు రెండు కాలాల బండిసామాను కలిసే చోట ఉంటుంది: పాత బాడీకీ కొత్త వైరింగుకూ మధ్య, పాత ట్యాంకుకూ కొత్త పంపుకూ మధ్య, కిందికి వాలిన పాత బానెట్‌కూ పొడుగాటి కొత్త ఇంజన్‌కూ మధ్య.

ఇంజన్ మౌంటింగులు బిగించడం, కంప్రెషన్ చూడటం, మల్టీమీటర్ పట్టుకోవడం తెలిసినవారి కోసమే ఇది రాస్తున్నాను.

సెల్ఫ్ కొడితే బరువుగా తిరగడం, లేదా డాష్‌బోర్డు దీపాలన్నీ ఒక్కసారి ఆరి వెలగడం

బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ అయి ఉన్నా సెల్ఫ్ మోటార్ ఈడ్చుకుంటూ తిరిగితే, మోటార్ విప్పే ముందు ఇంజన్ ఎర్త్, అంటే ఇంజన్ నుంచి బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు కరెంటు పారే దారి, చూడాలి. దీని గురించి కింద విడిగా, వివరంగా రాశాను, ఎందుకంటే ఈ ఒక్క కారణమే అయిదారు వేరువేరు రోగాల వేషం వేసుకుని వస్తుంది.

బండి 1960ల నాటి బ్రిటిష్ కారు అయితే ఇంకొక విషయం ముందే తేల్చుకోవాలి. ఆ కాలపు కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. కొత్త ఇంజన్‌కు సంబంధించిన ఆల్టర్నేటర్, ఈసీయూ, సెన్సార్లు అన్నీ నెగటివ్ ఎర్త్ కోసమే తయారయ్యాయి. మార్చకుండా కలిపితే ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు ఆ క్షణంలోనే పోతాయి. ఆ కార్లలో చాలావాటికి అమర్చిన డైనమో ఇచ్చేది సుమారు 22 ఆంపియర్లు మాత్రమే, వైరింగు కూడా ఆ లెక్కకు తగినట్టే వేశారు. ఇప్పుడు ఒక్క రేడియేటర్ ఫ్యానే అంత కరెంటు లాగుతుంది. అందుచేత డాష్‌బోర్డులోని పాత ఆమ్మీటర్ గుండా ఛార్జింగ్ కరెంటు పోనివ్వకుండా దాన్ని తప్పించి, ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి తగినంత లావు వైరు నేరుగా వేయాలి.

పగలు బాగా నడిచి రాత్రి మొరాయించడం

లక్షణాలు ఇలా ఉంటాయి. ఉదయం స్టార్ట్ చేసిన వెంటనే ఒకటి రెండు నిమిషాలు ఐడిలింగ్ తడబడుతుంది, ఆ తరువాత దానంతటదే సర్దుకుంటుంది. పగటిపూట ఖాళీ రోడ్డు మీద బండి చక్కగా పరుగెడుతుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఫ్యాన్ తిరగడం మొదలవగానే ఇంజన్ ఒక్క కుదుపు కుదిపి పడిపోబోతుంది. చీకటి పడి హెడ్‌లైట్లు వేశాక ఆగిన ప్రతిచోటా ఆరిపోతుంది. రాత్రి హైవే మీద బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) ఎక్కినప్పుడు ఎక్కడో లోపల గులకరాళ్లు గలగలలాడినట్టు సన్నగా నాకింగ్ వినిపిస్తుంది. దీన్ని చాలామంది వేడి వల్ల వచ్చిన సమస్య అనుకుంటారు, ఎందుకంటే ఫ్యాన్ తిరిగేది ఇంజన్ వేడెక్కినప్పుడే. నేనూ అలాగే అనుకుని నెల రోజులు పోగొట్టుకున్నాను.

అది మూడు సిలిండర్ల టర్బో ఇంజన్ ఎక్కించిన ఒక బుల్లి కారు. బ్యాటరీ డిక్కీలో, ఇంజన్ ముందు. బాడీ అంతటినీ తుప్పు గోకి, కొత్తగా రంగు వేయించి, ఇంజన్ కూర్చునే ఫ్రేముకు నల్లటి పౌడర్ కోటింగ్ చేయించి తెచ్చారు. చూడటానికి అద్దంలా ఉంది. పైన చెప్పిన లక్షణాలన్నీ ఆ బండికి ఉన్నాయి. మొదట థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాను. తరువాత ఇన్‌టేక్‌లో (ఇంజన్‌కు గాలి వెళ్లే దారిలో) గాలి లీకు కోసం పొగ పెట్టి చూశాను. టర్బో వేడి ఇగ్నిషన్ కాయిల్స్‌కు తగులుతోందేమోనని మధ్యలో రేకు కవచం పెట్టాను. కాయిల్స్ మార్చాను. చివరికి ఈసీయూ మ్యాప్‌లో (ఎప్పుడెంత పెట్రోల్ పోయాలో చెప్పే పట్టికలో) ఐడిలింగ్ దగ్గర ఇంధనం పెంచాను. దాంతో రాత్రి కాస్త నయమై, పగలు సైలెన్సర్ లోంచి పెట్రోల్ వాసన రావడం మొదలైంది. ఎర్త్ చూడలేదా అంటే, మొదటి రోజే చూశాను. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, ఒక కొస ఇంజన్ బ్లాకుకు, ఇంకొక కొస బ్యాటరీ నెగటివ్‌కు ఆనించగానే అది కూసింది. ఎర్త్ బాగుందని రాసుకుని పక్కన పెట్టాను. నెల రోజులు నన్ను తప్పుదారి పట్టించింది ఆ కూతే.

బీప్ ఎందుకు నమ్మకూడదో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. బీప్ మోగాలంటే చాలా మీటర్లకు కొన్ని పదుల ఓమ్‌ల కన్నా తక్కువ నిరోధం ఉంటే చాలు. ఎర్త్ తీగలో ఒకే ఒక్క పోగు మిగిలినా అది మోగుతుంది. ఓమ్ స్కేలు మీద పెట్టినా లాభం లేదు, ఎందుకంటే మీటర్ వైర్లకే 0.2 ఓమ్ దాకా నిరోధం ఉంటుంది, మనం వెతికే దోషం దానిలో యాభయ్యో వంతు. ఆ బండిలో నేను చివరికి పట్టుకున్న దోషం కేవలం 4 మిల్లీఓమ్‌లు. అంత చిన్న నిరోధంలో సెల్ఫ్ మోటార్ లాగే 150 ఆంపియర్లు పారితే 0.6 వోల్టు అక్కడే పోతుంది. ఫ్యాను, హెడ్‌లైట్లు, పెట్రోల్ పంపు కలిపి 50 ఆంపియర్లు లాగితే 0.2 వోల్టు పోతుంది.

ఇంజన్ నడుస్తున్నప్పుడు కరెంటు పుట్టేది ఇంజన్‌కు బిగించి ఉన్న ఆల్టర్నేటర్‌లో. బాడీకి ఎర్త్ అయిన ఫ్యాను, లైట్లు, పంపు వాడుకున్న కరెంటు అంతా బాడీ నుంచి ఇంజన్‌కు తిరిగి వెళ్లాలి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి, ఆ దారి మొత్తం ఒక్క అల్లిక పట్టీ గుండానే పోవాలి. ఆ పట్టీ లగ్గు (కొసన బోల్టు దూరే లోహపు చెవి) పౌడర్ కోటింగ్ మీద కూర్చుంటే, లోహానికి లోహం తగిలేది బోల్టు మరల దగ్గర మాత్రమే. అప్పుడు ఇంజన్ వోల్టేజి బాడీ కన్నా కొద్దిగా దిగుతుంది. ఎంత దిగుతుందన్నది ఏమేం స్విచ్‌లు వేసి ఉన్నాయన్న దాన్ని బట్టి క్షణక్షణం మారుతుంది. స్టార్ట్ చేసిన కొత్తలో బ్యాటరీ ఎక్కువ ఛార్జింగ్ లాగుతుంది, ఆ కరెంటు కూడా ఈ దారినే తిరిగి వెళుతుంది. ఉదయం ఒకటి రెండు నిమిషాల తడబాటుకు అదే కారణం.

ఇక్కడికి సగం తప్పే అయింది. మిగతా సగం నేను చేసినదే. టర్బో కోసం వేసిన కొత్త మ్యాప్ సెన్సార్, అంటే ఇన్‌టేక్‌లోని ఒత్తిడిని కొలిచే సెన్సార్, దాని ఎర్త్ వైరును దగ్గరలో ఉన్న ఇన్‌టేక్ బోల్టుకు బిగించాను. ఈసీయూ ఎర్త్ మాత్రం క్యాబిన్‌లో బాడీకి ఉంది. ఆ సెన్సార్ సున్నా నుంచి 300 కిలోపాస్కల్ దాకా ఉన్న ఒత్తిడిని 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య చూపిస్తుంది. అంటే ఒక్కో వోల్టుకు 75 కిలోపాస్కల్. ఇంజన్ ఎర్త్ 0.2 వోల్టు దిగితే ఈసీయూకు 15 కిలోపాస్కల్ తక్కువ కనిపిస్తుంది. ఐడిలింగ్‌లో ఉన్నదే 35 కిలోపాస్కల్ అయినప్పుడు 20 అని చదివితే, ఈసీయూ దాదాపు సగం పెట్రోల్ కోసేస్తుంది, ఇంజన్ ఆరిపోతుంది. బూస్ట్‌లో 180 ఉన్న చోట 165 అని చదివితే ఆరిపోదు గానీ, పెట్రోల్ 8 శాతం తక్కువ పోసి, ఇగ్నిషన్‌ను కాస్త ముందుకు జరుపుతుంది. గులకరాళ్ల చప్పుడు అక్కడి నుంచి వచ్చినదే. ఐడిలింగ్‌లో ఆరిపోవడం విసుగు పుట్టిస్తుంది, ఈ రెండోది పిస్టన్‌ను పొట్టన పెట్టుకుంటుంది. ఆ బండి యజమాని రాత్రిపూట నెమ్మదిగా నడిపే మనిషి కావడం నా అదృష్టం.

దొరికిన తీరు కూడా చెప్పాలి. ఒకనాటి తెల్లవారుజామున, ఇంజన్ ఇంకా గోరువెచ్చగా కూడా కాని వేళ, ఫ్యాన్‌ను చేతితో వైరు కలిపి తిప్పాను. బండి వెంటనే తడబడింది. వైరు తీశాను, సర్దుకుంది. హెడ్‌లైట్లు వేశాను, మళ్లీ తడబడింది. ల్యాప్‌టాప్‌లో ఒత్తిడి అంకె స్విచ్ వేసిన క్షణంలోనే 37 నుంచి 29కి పడిపోయింది, తీసిన క్షణంలోనే తిరిగి లేచింది. ఇంజన్ వేగం మారక ముందే అంకె మారింది. గాలి ఒత్తిడి అయితే ఇంజన్‌తో పాటు మారాలి. స్విచ్‌తో పాటు మారితే అది గాలి సంగతి కాదు, కరెంటు సంగతి. పాత ఉష్ణోగ్రత మీటరు ముల్లు కూడా ఇదే సాక్ష్యం చెబుతుంది: లైటు స్విచ్ వేయగానే ముల్లు జరిగితే, అర క్షణంలో నీళ్లు వేడెక్కవు కదా.

ఇప్పుడు పరీక్ష. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టాలి, ఓమ్‌ల మీద కాదు, బీప్ మీద అసలే కాదు. ఒక కొస బ్యాటరీ నెగటివ్ సీసపు పోస్టుకే ఆనించాలి, దాని క్లాంపుకు కాదు. రెండో కొస ఇంజన్ బ్లాకు మీద రంగు లేని చోట గట్టిగా నొక్కి పట్టాలి. ఇంజన్ అంటుకోకుండా పెట్రోల్ పంపు ఫ్యూజు తీసి, ఇంకొకరి చేత 4, 5 సెకన్లు సెల్ఫ్ కొట్టించాలి. 0.3 వోల్టు లోపు ఉంటే ఫరవాలేదు. 0.5 దాటితే తప్పు దొరికినట్టే. తరువాత ఫ్యూజు పెట్టి ఇంజన్ స్టార్ట్ చేసి, ఫ్యాను, లైట్లు, హీటర్ బ్లోయర్ అన్నీ వేసి మళ్లీ చూడాలి. ఈసారి 0.1 వోల్టు దాటకూడదు. ఎక్కువ వస్తే ఆ దారిని ముక్కలుగా కొలవాలి: పోస్టు నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి డిక్కీలోని బాడీ బోల్టుకు, ఆ బోల్టు నుంచి ముందువైపు బాడీకి, అక్కడి నుంచి బ్లాకుకు. వోల్టు ఏ ముక్కలో పోతోందో దోషం ఆ ముక్కలోనే ఉంది. 1959లో వచ్చిన మినీలో బ్యాటరీ డిక్కీలో, ఇంజన్ ముందు. 1957 నాటి ఫియట్ 500లో బ్యాటరీ ముందు, ఇంజన్ వెనుక. ఇలాంటి బళ్లలో బాడీ రేకులే ఎర్త్ తీగ పని చేస్తాయి కాబట్టి ఏ ముక్కనూ వదలకూడదు.

సరిచేసే పద్ధతి తేలికే, ఓపిక కావాలి. లగ్గు కూర్చునే చోట రంగు, పౌడర్ కోటింగ్, తుప్పు పూర్తిగా పోయి లోహం మెరిసేదాకా ఎమెరీ పేపర్‌తో రుద్దాలి. లగ్గుకూ బాడీకీ మధ్య పళ్ల వాషర్ వేసి బిగించాలి. బిగించిన తరువాతే, పైనుంచి తుప్పు పట్టకుండా గ్రీజు గానీ రంగు గానీ పూయాలి. బ్లాకు నుంచి బాడీకి ఒక పట్టీ, గేర్‌బాక్సు నుంచి బాడీకి ఇంకొకటి వేయడం నా అలవాటు. బ్యాటరీ దూరంగా ఉంటే నెగటివ్‌కు కూడా పాజిటివ్ అంత లావు, 35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌ను నేరుగా ఇంజన్ దాకా లాగుతాను. పట్టీ బిగుతుగా ఉండకూడదు. ఇంజన్ రబ్బర్ల మీద ఊగుతుంది కాబట్టి, బిగుతైన పట్టీలో పోగులు ఒక్కొక్కటే తెగి, ఏడాది తిరిగేసరికి పాత కథ మొదటికి వస్తుంది. ఈసీయూ పవర్ ఎర్త్‌లన్నీ ఇంజన్ మీద ఒకే చోటికి రావాలి. సెన్సార్ల ఎర్త్‌లు ఈసీయూలో వాటి కోసం ఉన్న పిన్నుకే పోవాలి, దారిలో ఏ బోల్టుకూ తగలకూడదు. దగ్గరలో బోల్టు కనిపించిందని సెన్సార్ ఎర్త్ దానికి బిగించే అలవాటును నేను ఆ బండితోనే మానుకున్నాను.

పట్టీ పూర్తిగా మరచిపోయిన బళ్లు కూడా వస్తాయి. అప్పుడు సెల్ఫ్ కరెంటు దొరికిన దారి పట్టుకుంటుంది: థ్రాటిల్ కేబుల్, క్లచ్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్. రెండు మూడు సార్లు సెల్ఫ్ కొట్టి క్లచ్ కేబుల్ తొడుగును పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. కొత్త కేబుల్ ఆరు నెలలు తిరక్కుండా బిగుసుకుపోతే కేబుల్ కంపెనీని తిట్టే ముందు ఎర్త్ చూడాలి. ఆ కరెంటు ఈసీయూ ఎర్త్ వైరు గుండా పోతే, దాని లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోతుంది. నిజంగా చెడిపోయిన ఈసీయూలు నేను చూసినవన్నీ ఇలా పోయినవే.

బూస్ట్ ఎక్కేదాకా బాగుండి, ఆపై తడబడటం

ముందు స్పార్క్ ప్లగ్ గ్యాప్ చూడండి. బూస్ట్‌లో సిలిండర్ లోపలి ఒత్తిడి పెరిగినకొద్దీ నిప్పురవ్వ దూకడం కష్టమవుతుంది. మామూలు ఇంజన్‌కు సరిపోయే గ్యాప్ ఇక్కడ సరిపోదు. 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లకు తగ్గించగానే సగం బళ్లు బాగుపడి ఇంటికి వెళ్లిపోతాయి. ఆ తరువాత ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చేది) గొట్టాల క్లాంపులు. స్థలం చాలక వంపులు తిప్పి వేసిన గొట్టాలు చేత్తో లాగితే గట్టిగానే ఉంటాయి, ఒక బార్ గాలి నిండితే జారతాయి.

మూడోది పెట్రోల్. కార్బ్యురేటర్ కాలపు పంపు ఇచ్చేది 0.2, 0.3 బార్. పోర్ట్ ఇంజెక్షన్‌కు కావలసింది 3 బార్, పైగా రెగ్యులేటర్‌కు ఇన్‌టేక్ నుంచి గొట్టం కలిపి ఉంటే బూస్ట్ ఎంత పెరిగితే ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే గొట్టంలోని ఒత్తిడి కూడా అంతే పెరగాలి. 1 బార్ బూస్ట్ దగ్గర గేజి 4 చూపాలి, 3 దగ్గరే నిలిచిపోతే ఇంజన్‌కు పెట్రోల్ చాలడం లేదని అర్థం. కొత్త పంపు వేశామని సరిపెట్టుకోకుండా, అది పూర్తి భారంతో పని చేస్తున్నప్పుడు దాని రెండు టెర్మినళ్ల మధ్య వోల్టేజి కొలవాలి. బ్యాటరీ వోల్టేజి కన్నా 0.5 మించి తగ్గితే, పంపు పాత సన్నటి వైరు మీదా తుప్పు పట్టిన డిక్కీ రేకు ఎర్త్ మీదా నడుస్తోందన్నమాట. విడిగా రిలే, లావు వైరు, మంచి ఎర్త్ వేయాలి. మలుపుల్లో మాత్రమే తడబడితే పంపు తప్పు కాదు. పాత ట్యాంకులో అడ్డు పలకలు లేక పెట్రోల్ ఒక పక్కకు ఒరిగి పంపు గాలి పీలుస్తోంది. మధ్యలో చిన్న సర్జ్ ట్యాంకు (ఎప్పుడూ పెట్రోల్ నిండి ఉండే బుల్లి ట్యాంకు) పెట్టడం తప్ప దానికి దారి లేదు.

వేడెక్కడం

పెద్ద రేడియేటర్ కొనే ముందు లోపల గాలి చిక్కుకుందేమో చూడండి. పాత కారు బానెట్ కిందికి వాలి ఉంటుంది కాబట్టి రేడియేటర్ మూత ఇంజన్ తల (సిలిండర్ హెడ్) కన్నా దిగువకు వస్తుంది, గాలి తలలోనే నిలిచిపోతుంది. హెడర్ ట్యాంకు (నీళ్ల పై ట్యాంకు) అన్నిటికన్నా ఎత్తున ఉండాలి, టర్బో నుంచి వచ్చే నీటి గొట్టం ఎక్కడా కిందికి దిగకుండా దాని దాకా ఎక్కుతూ పోవాలి. బండి ఆపిన తరువాత బుడబుడమని చప్పుడు వస్తుంటే, ఇంజన్ ఆగాక టర్బోకు నీళ్లు తిప్పే చిన్న ఎలక్ట్రిక్ పంపు ఆ ఇంజన్‌కు ఉండేదేమో, వైరింగ్‌లో దాన్ని వదిలేశారేమో చూసుకోవాలి.

నీలి పొగ

టర్బో మార్చకండి. టర్బో సీళ్లు రబ్బరువి కావు, పిస్టన్ రింగుల్లాంటివి. నిలిచిపోయిన ఆయిల్‌ను అవి ఆపలేవు. ఆయిల్ టర్బో నుంచి నురగలా బయటికొచ్చి తన బరువుతోనే ఒక గొట్టం గుండా సంపులోకి (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకి) జారాలి. చోటు చాలక ఇంజన్‌ను కాస్త వెనక్కి వాల్చి కూర్చోబెట్టినప్పుడు, ఆ గొట్టం సంపులో కలిసే చోటు ఆయిల్ మట్టం కిందికి దిగిపోతుంది. గొట్టం లావు తగ్గకుండా, ఎక్కడా గుంట పడకుండా, మట్టానికి పైన కలిసేలా మార్చితే పొగ పోతుంది.

కుంటినడక మోడ్‌లో పడి వేగం అందుకోకపోవడం

ఈసీయూ తనంతట తానే ఇంజన్ బలం తగ్గించేసిందంటే, దాత కారు (ఈ ఇంజన్‌ను తీసిన కారు) నుంచి అది ఎదురుచూసే సమాచారం ఏదో అందడం లేదు. మొదట బ్రేకు పెడల్ స్విచ్ చూడండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న ఇంజన్లలో బ్రేకు నొక్కి ఉందని ఈసీయూ అనుకుంటే యాక్సిలరేటర్‌ను లెక్క చేయదు. పాత బ్రేకు స్విచ్‌లో ఒకే కాంటాక్టు ఉంటుంది, కొత్త ఈసీయూ చాలావరకు ఒకదానికొకటి ఎదురుగా పనిచేసే రెండు కాంటాక్టులు అడుగుతుంది. ఆ తరువాత వేగం సిగ్నల్, ఆపైన ఇమ్మొబిలైజర్, అంటే సరైన తాళం చెవి లేకపోతే ఇంజన్‌ను నడవనివ్వని ఏర్పాటు.

ఇవేవీ కాకపోతే టైమింగ్ చైన్ ఒక పన్ను జారడం, బూస్ట్‌ను అదుపు చేసే వేస్ట్‌గేట్ కడ్డీ బిగుసుకుపోవడం, కాటలిటిక్ కన్వర్టర్ పూడుకుపోవడం లాంటివి ఉంటాయి. వాటికి దాత కారు వర్క్‌షాపు మాన్యువల్ చాలు, అవి మార్పిడి వల్ల వచ్చిన రోగాలు కావు. ఆ మాన్యువల్ తెరిచే ముందు మాత్రం మీటర్ వోల్టుల మీద పెట్టి, హెడ్‌లైట్లు వేసి, బ్యాటరీ పోస్టు నుంచి బ్లాకు దాకా ఒక్కసారి కొలవండి.